ఆర్చ్‌బిషప్ కొత్త దేశానికి తొలి అధ్యక్షుడెలా అయ్యాడు? సైప్రస్, మకారియోస్ గురించి వివరాలు కావాలి

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్

అందరికీ నమస్కారం. సివిల్స్ మెయిన్స్ జీఎస్-1 తెలుగులో రాస్తున్నవాళ్లం అశోక్‌నగర్‌లో ఆదివారాలు కూర్చుని ప్రపంచ చరిత్ర చదువుకుంటున్నాం. ఈసారి అంశం వలసపాలన ముగింపు. అందులో బ్రిటిష్ వలసగా ఉన్న, గ్రీకులూ టర్కులూ ఉండే సైప్రస్ ద్వీపం దగ్గర బండి ఆగింది. చేతులు మారుతూ వచ్చిన ఒక జిరాక్స్ నోట్స్‌లో ఇలా ఉంది: "ఈఓకేఏ నాయకుడు ఆర్చ్‌బిషప్ మకారియోస్ 1960 ఆగస్టులో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. టర్కీవాళ్ల వీటో వల్ల రాజ్యాంగం కూలింది. 1974లో టర్కీ దాడి చేసింది." మూడు వాక్యాలతో అయిపోయింది. పదిహేను మార్కుల ప్రశ్న వస్తే 250 పదాలు దీంతో ఎట్లా నింపాలి?

తెలిసినవాళ్లు ఇవి చెప్పండి: చర్చి పెద్దకు దేశాధ్యక్ష పదవి ఏ దారిన వచ్చింది, ఆ రాజ్యాంగంలో అసలు ఏముంది, ఎక్కడ ఇరుక్కుంది, మతాచార్యుడు పాలకుడు కావడానికి చర్చి నియమాలు ఒప్పుకున్నాయా, ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా. తేదీలు, అంకెలు ఉంటే మరీ మంచిది.

తార్నాక_పొలిటీ

ముందు ఆ నోట్స్‌లో మొదటి వాక్యం కొట్టేయండి. ఈఓకేఏ సాయుధ సంస్థ. దాన్ని నడిపింది మాజీ గ్రీకు సైనికాధికారి జార్జ్ గ్రివాస్, మారుపేరు దిగెనిస్. 1955 ఏప్రిల్ 1న బాంబు దాడులతో బయటపడింది. మకారియోస్ ఉద్యమానికి రాజకీయ నాయకుడు. గ్రివాస్‌తో సంబంధం ఉంది, ముందస్తు సమాచారమూ ఉంది, కానీ సంస్థ పగ్గాలు ఆయన చేతిలో లేవు. రెండో తప్పు, ఆయన ఎన్నికైంది 1959 డిసెంబర్ 13న. 1960 ఆగస్టు 16 స్వాతంత్ర్యం వచ్చిన తేదీ. (వేడుక మాత్రం ఏటా అక్టోబర్ 1న చేస్తారు. ప్రిలిమ్స్ బిట్‌గా ఇది పనికొస్తుంది.)

ఇక దారి సంగతి. దీనికి మకారియోస్ కంటే చాలా వెనక్కి పోవాలి. సైప్రస్ చర్చి ఎవరి కిందా లేని స్వతంత్ర చర్చి. 431లో ఎఫెసులో జరిగిన క్రైస్తవ మహాసభ ఆ హక్కును గుర్తించింది. అదే శతాబ్దం చివర్లో అపొస్తలుడు బర్నబా సమాధి దొరికిందన్న వార్త మీద జీనో చక్రవర్తి ఆర్చ్‌బిషప్‌కు ఎర్ర సిరాతో సంతకం చేసే హక్కు, రాజదండం పట్టే హక్కు ఇచ్చాడని సంప్రదాయం. రాజచిహ్నాలు అప్పటినుంచే ఆ పీఠానికి ఉన్నాయన్నమాట.

1571లో ఒట్టోమన్లు వచ్చాక ఇది లాంఛనం దాటి అధికారమైంది. ఒట్టోమన్ పద్ధతిలో ఒక్కో మత సమూహానికి ఒక పెద్ద, పాలకుడి ముందు ఆ సమూహానికి జవాబుదారీ ఆయనే. సైప్రస్ గ్రీకులకు ఆ పెద్ద ఆర్చ్‌బిషప్. ఆ హోదా పేరు ఎథ్నార్క్. పన్ను వసూళ్లలో బాధ్యత ఆయనది, ఫిర్యాదు తీసుకుని ఇస్తాంబుల్ పోయేది ఆయన, తేడా వస్తే మెడ పోయేదీ ఆయనదే. 1821లో గ్రీసు తిరుగుబాటు మొదలవగానే జూలై 9న ఆర్చ్‌బిషప్ కిప్రియానోస్‌ను రాజధాని నికోసియాలో ఉరితీశారు.

1878లో బ్రిటిష్ వాళ్లు వచ్చారు, 1925లో క్రౌన్ కాలనీ చేశారు. 1931 అక్టోబర్ అల్లర్లలో గవర్నర్ నివాసం తగలబడింది. దాని తర్వాత శాసనమండలి రద్దు, పార్టీల మీద ఆంక్షలు, ఇద్దరు బిషప్పుల బహిష్కరణ. అసలు మలుపు ఇక్కడుంది. ఎన్నికైన లౌకిక నాయకత్వం పెరగడానికి వేదికే లేకుండా చేశారు. కమ్యూనిస్టు పార్టీ అకెల్ 1941లో పుట్టి బలంగానే ఎదిగింది గానీ, "గ్రీకులందరి తరఫున" మాట్లాడే హక్కు ఎవరిదంటే పాత ఎథ్నార్క్ హోదా ఒక్కటే మిగిలింది.

మకారియోస్ అసలు పేరు మిఖాయిల్ మూస్కోస్. 1913 ఆగస్టు 13న పాఫోస్ జిల్లా పనయియా గ్రామంలో పశువుల కాపరి ఇంట్లో పుట్టాడు. పదమూడేళ్లకు కిక్కోస్ మఠంలో చేరాడు. ఏథెన్స్‌లో వేదాంతం, తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ చదువు. అక్కడుండగానే 1948లో కిటియోన్ బిషప్‌గా ఎన్నికయ్యాడు. 1950 అక్టోబర్‌లో ఆర్చ్‌బిషప్, వయసు 37. సైప్రస్‌లో అప్పట్లో ఈ పదవులను పైనుంచి ఎవరో నియమించేవాళ్లు కాదు. సామాన్య విశ్వాసులు ప్రతినిధుల్ని ఎన్నుకుంటే ఆ ప్రతినిధుల ద్వారా పరోక్షంగా ఎన్నిక జరిగేది. అంటే ఆయన వెనక ఓటు బలం మొదటినుంచీ ఉంది.

1950 జనవరిలో చర్చి జరిపిన అభిప్రాయ సేకరణ తప్పకుండా రాయండి. గ్రీసులో కలవాలా అన్నది ప్రశ్న. గ్రీకు మాటల్లో ఆ కోరిక పేరు ఎనోసిస్. రహస్య ఓటు లేదు, చర్చిల్లో పెట్టిన పుస్తకాల్లో బహిరంగంగా సంతకం పెట్టాలి. 2,24,757 మంది అర్హుల్లో 2,15,108 మంది పెట్టారు, 95.7 శాతం. అప్పటికి కిటియోన్ బిషప్‌గా ఉన్న మకారియోసే దాని నిర్వాహకుడు. పూజారి కళ్లముందు పెట్టిన సంతకానికి ఎంత విలువ అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఊరూరా, గుడిగుడికీ విస్తరించిన యంత్రాంగం ఆ ద్వీపంలో చర్చికి తప్ప ఇంకెవరికీ లేదని అది చూపించింది.

1956 మార్చి 9న బ్రిటిష్ వాళ్లు ఆయన్ను సీషెల్స్‌కు పంపారు. ఏడాదికి వదిలారు గానీ సైప్రస్‌లో అడుగుపెట్టనివ్వలేదు, ఏథెన్స్‌లో ఉన్నాడు. 1958 సెప్టెంబర్‌లో లేబర్ ఎంపీ బార్బరా క్యాజిల్‌తో మాట్లాడుతూ ఎనోసిస్ కాకుండా స్వాతంత్ర్యమైనా ఒప్పుకుంటానన్నాడు. 1959 ఫిబ్రవరి 11న జ్యూరిక్‌లో గ్రీసు, టర్కీ ప్రధానులు చట్రం ఖాయం చేశారు. 19న లండన్‌లో సంతకాలు. గమనించండి, జ్యూరిక్ బల్ల దగ్గర సైప్రస్ వాళ్లెవరూ లేరు. మకారియోస్ లండన్‌లో బెట్టు చేసి, చివరికి సంతకం పెట్టాడు. మార్చి 1న నికోసియాకు తిరిగొచ్చాడు.

డిసెంబర్ ఎన్నికలో ప్రత్యర్థి న్యాయవాది ఇయోనిస్ క్లెరిడెస్, అకెల్ మద్దతుతో. మకారియోస్‌కు సుమారు మూడింట రెండొంతుల ఓట్లు. ఓడినాయన కొడుకు గ్లాఫ్కోస్ క్లెరిడెస్ మకారియోస్ పక్షాన ఉన్నాడు. ఆయన పేరు 1974లో మళ్లీ వస్తుంది.

రాంనగర్_రాజ్యాంగం

పైన దారి చెప్పారు కాబట్టి నేను యంత్రం విప్పి చూపిస్తా. ఆ నోట్స్ అంటున్నట్టు వీటో ఒక్కటే కారణం కాదు. మూడు చోట్ల మూడు వేర్వేరు కీళ్లు పట్టేశాయి.

1960లో జనాభా సుమారు 5.7 లక్షలు. గ్రీకులు 77 శాతం, టర్కులు 18 శాతం. రాజ్యాంగం ఈ ఇద్దరినీ రెండు సమూహాలుగా విడదీసింది. అధ్యక్షుడు గ్రీకు, ఉపాధ్యక్షుడు టర్కు, ఎవరి ఓటర్లు వాళ్లకే. ఉపాధ్యక్షుడిగా డాక్టర్ ఫజిల్ కుచుక్ పోటీ లేకుండా వచ్చాడు. మంత్రులు 7:3. సభలో 50 సీట్లు, 35:15. ప్రభుత్వోద్యోగాలు 70:30, పోలీసు 70:30. రెండు వేల మంది సైన్యంలో 60:40. విద్య, మతం, సంస్కృతి విడివిడి సామూహిక సభల చేతిలో. విదేశాంగం, రక్షణ, భద్రత మీద అధ్యక్ష ఉపాధ్యక్షులిద్దరికీ తుది వీటో. రాజ్యాంగ న్యాయస్థానంలో ఒక గ్రీకు, ఒక టర్కు, అధ్యక్షత మాత్రం బయటి దేశస్థుడిది. జర్మన్ ప్రొఫెసర్ ఎర్నెస్ట్ ఫోర్స్టాఫ్ వచ్చాడు.

మొదటి కీలు పన్నులు. 78వ అధికరణం ప్రకారం పన్ను చట్టం, ఎన్నికల చట్టం, మున్సిపాలిటీల చట్టం గెలవాలంటే గ్రీకు సభ్యుల్లో మెజారిటీ, టర్కు సభ్యుల్లో మెజారిటీ వేర్వేరుగా రావాలి. పదిహేను మందిలో ఎనిమిది మంది చెయ్యెత్తకపోతే దేశానికి బడ్జెట్ రాబడి లేదు. 1961లో జరిగింది అదే. టర్కు సభ్యుల వాదన, "70:30 ఉద్యోగాలు అమలు చెయ్యండి, పన్నుకు ఓటేస్తాం." గ్రీకుల వాదన, "18 శాతానికి 30 శాతం ఉద్యోగాలు ఒక్క రోజులో ఎక్కడినుంచి తేవాలి?" ఒక హక్కును ఇంకో హక్కు కోసం తాకట్టు పెట్టగలిగేలా కట్టారు, పెట్టారు.

రెండో కీలు సైన్యం. 60:40 అని రాసుంది గానీ కలిపి ఉంచాలా, విడి దళాలా అన్నది రాయలేదు. మంత్రివర్గం కలిపి అంది. కుచుక్ కంపెనీ స్థాయిలో విడిగా ఉండాలన్నాడు, 1961 అక్టోబర్‌లో వీటో వేశాడు. నాకు గుర్తున్నంతలో ఆ తుది వీటో వాడిన ముఖ్య సందర్భం ఇదే. సైన్యం ఏర్పడలేదు. ఫలితం ఏమిటంటే ఇరుపక్షాల్లో ప్రైవేటు సాయుధ ముఠాలు తయారయ్యాయి. చట్టబద్ధ సైన్యం లేని దేశంలో ఆ ఖాళీ ఊరికే ఉండదు.

మూడోది మున్సిపాలిటీలు, అసలు పీటముడి ఇదే. 173వ అధికరణం ప్రకారం నికోసియా, లిమసోల్, ఫమగుస్తా, లార్నాకా, పాఫోస్‌లలో విడి మున్సిపాలిటీలు ఉండాలి. హద్దు గీయడం ఎట్లా? వీధులన్నీ కలిసిపోయి ఉన్నాయి. పాత చట్టం గడువు 1962 డిసెంబర్ 31తో అయిపోయింది. మకారియోస్ ప్రభుత్వం నియమిత బోర్డులు పెట్టింది, టర్కు సామూహిక సభ సొంత చట్టం చేసుకుంది. 1963 ఏప్రిల్‌లో న్యాయస్థానం రెండూ చెల్లవంది. రెండు తీర్పుల్లోనూ నిర్ణాయక ఓటు ఫోర్స్టాఫ్‌దే. వచ్చే నెలలోనే ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. తీర్పు చెప్పే చివరి గది కూడా ఖాళీ.

1963 నవంబర్ 30న మకారియోస్ పదమూడు సవరణల పత్రం ఇచ్చాడు. వీటోలు తీసేయాలి, విడి మెజారిటీలు తీసేయాలి, మున్సిపాలిటీలు కలపాలి, ఉద్యోగాలు జనాభా నిష్పత్తిలో ఉండాలి, న్యాయస్థానాలు ఏకం కావాలి. ఒక్కొక్కటి విడిగా చూస్తే పాలనాపరంగా సబబే అనిపిస్తుంది. కలిపి చూస్తే టర్కులు జ్యూరిక్‌లో సంపాదించుకున్నదంతా పోతుంది. పైగా 182వ అధికరణం మౌలిక నిబంధనలను అసలు మార్చరాదంటుంది. డిసెంబర్ 16న కుచుక్ కంటే ముందే టర్కీ ప్రభుత్వం తిరస్కరించింది. 21న నికోసియాలో కాల్పులు మొదలయ్యాయి. 30న బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ మ్యాప్ మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. గ్రీన్ లైన్ పేరు దాన్నుంచే.

జవాబులో కొత్తగా కనిపించాలంటే ఒక ముక్క రాయండి. టర్కు మంత్రులు బయటికి పోయారు, పై కోర్టులకు అధ్యక్షత వహించే బయటి దేశస్థులూ వెళ్లిపోయారు, దాంతో రాజ్యాంగం ప్రకారం ఏర్పడిన పై కోర్టులు పనిచేయలేదు. 1964లో చట్టం చేసి కోర్టులను కలిపారు. అది చెల్లుతుందా అన్న ముస్తఫా ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు "ఆవశ్యకత సిద్ధాంతం" కింద, అంటే దేశం నడవడానికి వేరే దారి లేదు గనక, చెల్లుతుందంది. ఆ దేశం ఇప్పటికీ ఆ ఆధారం మీదే నడుస్తోంది. ఉపాధ్యక్ష పదవి, 30 శాతం సీట్లు కాగితం మీద ఉన్నాయి, నింపేవాళ్లు లేరు.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్

అన్నా, ఇది చదువుతుంటే మనకు 1956 పెద్దమనుషుల ఒప్పందం గుర్తొస్తుంది. మంత్రివర్గంలో 60:40, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం నుంచి. జవాబులో ఆ పోలిక రాయొచ్చా?

రాంనగర్_రాజ్యాంగం

జీఎస్-1లో ఒక్క వాక్యానికి మించి వద్దు. అదీ తేడా చెప్పడానికైతేనే. మనది ఢిల్లీలో ఫిబ్రవరి 20న కుదిరిన రాజకీయ ఒప్పందం, చట్టబలం లేదు. అందుకే మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవిని "ఆరో వేలు" అని పక్కన పెట్టేయగలిగారు. అడిగే కోర్టు లేదు. సైప్రస్‌లో సరిగ్గా తిరగేసిన పరిస్థితి. నిష్పత్తులన్నీ రాజ్యాంగంలోకే ఎక్కించి, మార్చడానికి వీల్లేకుండా తాళం వేసి, ఆ తాళానికి మూడు దేశాలను కాపలా పెట్టారు. హామీ ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం బ్రిటన్, గ్రీసు, టర్కీలు కలిసిగానీ, కుదరకపోతే ఒంటరిగా గానీ చర్య తీసుకోవచ్చు. లక్ష్యం పాత వ్యవస్థను పునరుద్ధరించడం మాత్రమే కావాలి. 1974లో టర్కీ చూపింది ఈ అధికరణాన్నే. పునరుద్ధరించకుండా అక్కడే ఉండిపోయింది గనక ఆ వాదన నిలవదని గ్రీకు పక్షం అంటుంది.

సికింద్రాబాద్_క్లాక్‌టవర్

చర్చి నియమాల గురించి ఎవరూ ముట్టుకోలేదు. ఈ భాగం చాలామంది వదిలేస్తారు గానీ మకారియోస్ పతనంలో దీనికి నేరుగా పాత్ర ఉంది.

ఆర్థడాక్స్ చర్చి నియమాల్లో అపొస్తలుల నియమాలని పాత సంకలనం ఉంది. అందులో 6వది బిషప్ గానీ ప్రెస్బిటర్ (పూజారి) గానీ లోకసంబంధ బాధ్యతలు నెత్తిన వేసుకోకూడదంటుంది. 81వది బిషప్ ప్రభుత్వ పాలనలోకి దిగకూడదంటుంది. అక్షరం ప్రకారం చూస్తే 1960లోనే అభ్యంతరం రావాలి. రాలేదు. ఎథ్నార్క్ సంప్రదాయం అడ్డం నిలబడింది: "మా ఆర్చ్‌బిషప్ నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్నది ఇదే కదా."

మరి 1972లో ఎందుకొచ్చింది? అప్పటికి రాజకీయం మారింది. 1967లో ఏథెన్స్‌లో సైనిక నియంతృత్వం వచ్చింది. 1968 జనవరిలో మకారియోస్ కోరుకునేది వేరు, సాధ్యమయ్యేది వేరు అని బహిరంగంగా చెప్పేశాడు, అంటే ఎనోసిస్‌ను పక్కన పెట్టాడు. ఫిబ్రవరిలో 95 శాతం పైగా ఓట్లతో మళ్లీ గెలిచాడు. ఎనోసిస్ వర్గానికి ఓటుతో ఆయన్ను దించే దారి మూసుకుపోయింది. 1970 మార్చి 8న నికోసియాలో ఆయన హెలికాప్టర్ పైకి లేస్తుండగా కాల్పులు జరిపారు. పైలట్ తీవ్రంగా గాయపడి కూడా దించగలిగాడు, ఆయనకు దెబ్బ తగల్లేదు. తుపాకీ కూడా పనిచేయకపోయేసరికి నియమాల పుస్తకం బయటికి వచ్చింది.

1972 మార్చిలో పాఫోస్, కిటియోన్, కైరీనియా బిషప్పులు ముగ్గురూ అధ్యక్ష పదవి వదలమన్నారు. సైప్రస్ సైనాడ్‌లో, అంటే బిషప్పుల సభలో, ఆయన్ను మినహాయిస్తే ఉన్నదే ముగ్గురు. అందుకే 1973 మార్చిలో వాళ్లు ఆయన్ను మతాచార్య హోదా నుంచి తొలగించామని ప్రకటించగలిగారు. మకారియోస్ ఇక్కడ పట్టుకున్న కీలకం, బిషప్ మీద తీర్పు చెప్పడానికి అంత చిన్న సైనాడ్ సరిపోదన్నది. బయటి చర్చిలను పిలిచి పెద్ద సైనాడ్ కూర్చోబెట్టాడు. అలెగ్జాండ్రియా, అంతియొకయ పాట్రియార్క్‌లు (ఆ చర్చిల అధిపతులు) వచ్చారు. జూలైలో ఆయన మీది తీర్పు కొట్టేసి, ఆ ముగ్గురినే తొలగించారు. తర్వాత కొత్త బిషప్ పీఠాలు ఏర్పాటు చేశారు, సైనాడ్ పెద్దదైంది. మళ్లీ ముగ్గురితో ఆ పని జరగకుండా.

నా అభిప్రాయం అడిగితే, నియమం మీద ముగ్గురిదే న్యాయం, ఉద్దేశం మీద కాదు. వాళ్లకు కోపం ఆయన అధ్యక్షుడైనందుకు కాదు, అధ్యక్షుడై ఎనోసిస్ వదిలినందుకు.

నల్లకుంట_మ్యాప్స్

ఇంకెవరున్నారన్న ప్రశ్నకు: సైప్రస్‌కు సరిగ్గా ఒక్క రోజు ముందు, 1960 ఆగస్టు 15న, కాంగో బ్రజావిల్ ఫ్రాన్స్ నుంచి స్వతంత్రమైంది. దాని తొలి అధ్యక్షుడు ఫుల్బెర్ యూలూ కాథలిక్ ఫాదరీ. పక్కపక్క రోజుల్లో రెండు కొత్త దేశాలు, రెండింటికీ మతాచార్యులే అధ్యక్షులు. ఆ పోలిక రాస్తే ఎగ్జామినర్ ఆగి చదువుతాడు. కానీ తేడా చాలా పెద్దది. యూలూ వెనక చర్చి లేదు. 1956లో ఫ్రెంచ్ పార్లమెంటుకు పోటీ చేస్తానన్నందుకే ఆయన బిషప్ పూజాధికారాలు ఆపేశాడు. యూలూ మాత్రం ఫాదరీ అంగీ వదల్లేదు. బలం లారీ తెగ ఓట్లది. వలస పోరాటంలో జైల్లో చనిపోయిన ఆంద్రే మత్సువా అనుచరులు ఆయన వెంట నడిచారు. ఏకపార్టీ పాలన ప్రకటించబోతే కార్మిక సంఘాలు సమ్మె కట్టాయి, 1963 ఆగస్టు 13 నుంచి 15 దాకా మూడు రోజులు. మూడో రోజు రాజీనామా.

జింబాబ్వే కనాన్ బనానా (1980 ఏప్రిల్ 18 నుంచి 1987 చివరిదాకా) మెథడిస్టు పాస్టర్. అలంకార అధ్యక్షుడే, అధికారం ప్రధాని ముగాబేది. వనువాతు వాల్టర్ లినీ ఆంగ్లికన్ ప్రీస్ట్, కానీ ప్రధానమంత్రి, అధ్యక్షుడు కాదు. బిట్‌లో ఇక్కడే పడేస్తారు. స్లొవేకియా జోసెఫ్ టిసోను కొందరు ఈ జాబితాలో కలుపుతారు. 1939 నాటి ఆ "స్వాతంత్ర్యం" హిట్లర్ నీడలోది. కలపకండి.

ఒక చర్చికి అధిపతిగా ఉంటూ, ఆ పదవి వదలకుండా, అధికారమున్న అధ్యక్షుడైంది వీళ్లలో మకారియోస్ ఒక్కడే.

తార్నాక_పొలిటీ

రాంనగర్ గారి యంత్రం వివరణ బాగుంది, కానీ చదివితే కీళ్లు వాటంతటవే పట్టేసినట్టుంది. నేను ఒప్పుకోను. బెల్జియంలోనూ విడి మెజారిటీలున్నాయి, అక్కడ మూడేళ్లకు తుపాకులు తీయలేదు. ఇక్కడ అధ్యక్షుడు గ్రీకుల ఎథ్నార్క్ కూడా. 1950లో పీఠమెక్కేటప్పుడు ఎనోసిస్ కోసం పనిచేస్తానని ప్రమాణం చేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వేదికలెక్కి జ్యూరిక్ ఒక మెట్టు మాత్రమేనన్న ధోరణిలో మాట్లాడాడు. వింటున్న టర్కు రైతుకు ఆయన తన అధ్యక్షుడా, పక్కింటివాళ్ల మతపెద్దా? ఏ హోదా వల్ల గెలిచాడో ఆ హోదానే 18 శాతానికి ఆయన్ను ఎప్పటికీ పరాయివాణ్ణి చేసింది. జవాబుకు వెన్నెముక ఇదే కావాలి.

రాంనగర్_రాజ్యాంగం

వెన్నెముక సరే, కానీ మొత్తం ఆయన మీద వేస్తే ఎగ్జామినర్ ఏకపక్షం అంటాడు. టర్కు పక్షంలోనూ విభజన కోరిన టీఎంటీ అనే సాయుధ సంస్థ 1950ల చివరినుంచే ఉంది. కుచుక్ వెనక మరో టర్కు నాయకుడు రౌఫ్ డెంక్‌టాష్ ఉన్నాడు. 1959లో ఇయోనిస్ క్లెరిడెస్‌ను గెలిపించి అధ్యక్షుణ్ణి చేసినా 78వ అధికరణం అలాగే ఉండేది. బెల్జియం పోలిక కూడా పూర్తిగా కుదరదు. అక్కడ ఆ ఏర్పాటు సొంత పార్లమెంటు 1970 నుంచి దశాబ్దాల పాటు సవరించుకుంటూ కట్టుకుంది. సైప్రస్‌కు సవరించుకునే హక్కే ఇవ్వలేదు.

బొల్లారం_రిటైర్డ్

మన దేశానికి సంబంధం ఉన్న ముక్క ఒకటి చేర్చుకోండి, జీఎస్-2లోనూ పనికొస్తుంది. 1964 మార్చి 4న భద్రతా మండలి 186వ తీర్మానంతో సైప్రస్‌కు శాంతి దళం పంపింది. ఇప్పటికీ ఉంది. తొలి కమాండర్ భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. జ్ఞానీ. తర్వాత జనరల్ కె.ఎస్. తిమ్మయ్య, 1965 డిసెంబర్ 18న అక్కడే విధుల్లో ఉండగా గుండెపోటుతో పోయారు. మరుసటేడు సైప్రస్ ఆయన పేర తపాలా బిళ్ల వేసింది. 1974 నాటి కమాండర్ కూడా మనవారే, ప్రేమ్‌చంద్. రెండు సైన్యాలూ కోరుకున్న నికోసియా విమానాశ్రయాన్ని ఐరాస రక్షిత ప్రాంతంగా ప్రకటించి నిలబెట్టింది ఆయనే.

1974 వరుస తప్పకుండా రాయండి, చాలామంది కుట్రను, దాడిని కలిపేస్తారు. జూలై 2న మకారియోస్ గ్రీసు అధ్యక్షుడు గిజికిస్‌కు లేఖ రాశాడు, సైప్రస్ గ్రీకుల సేన నేషనల్ గార్డ్‌లోని గ్రీసు దేశపు అధికారులను వెనక్కి పిలవమని. 15 ఉదయం ఆ అధికారులే అధ్యక్ష భవనం మీద ట్యాంకులు ఎక్కించారు. రేడియో ఆయన చనిపోయాడంది. ఆయన వెనక దారిన తప్పించుకుని పాఫోస్ చేరి, అక్కడి రేడియోలో తాను బతికే ఉన్నానన్నాడు. అక్కడినుంచి బ్రిటిష్ స్థావరం అక్రోతిరి, మాల్టా, లండన్. 19న భద్రతా మండలిలో మాట్లాడాడు. 20న టర్కీ సేన దిగింది. కుట్రదారులు కూర్చోబెట్టిన నికోస్ సాంప్సన్ ఎనిమిది రోజులకే 23న దిగిపోయాడు, అదే రోజు ఏథెన్స్ నియంతలూ కూలారు. తాత్కాలిక అధ్యక్షుడు గ్లాఫ్కోస్ క్లెరిడెస్. ఆగస్టు 14న టర్కీ రెండో విడత కదిలింది. ద్వీపంలో 36 శాతానికి పైగా భూభాగం పోయింది రెండో విడత తర్వాతే. మకారియోస్ డిసెంబర్ 7న తిరిగొచ్చాడు, 1977 ఆగస్టు 3న గుండెపోటుతో చనిపోయేదాకా రెండు పదవుల్లోనూ ఉన్నాడు. చనిపోయే ముందు, ఫిబ్రవరి 12న, డెంక్‌టాష్‌తో రెండు సమూహాల సమాఖ్యకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాడు.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్

అందరికీ థాంక్స్. నోట్స్ కొత్తగా రాసుకుంటున్నాం. ఒక్క డౌట్, జవాబులో మ్యాప్ వేస్తే ఏమేం చూపించాలి? రెండు నిమిషాల్లో అయిపోవాలి.

నల్లకుంట_మ్యాప్స్

ద్వీపం గీసేటప్పుడు ఈశాన్యంలో సన్నని తోక మర్చిపోవద్దు, కార్పాస్ అది. మధ్యలో కొంచెం ఉత్తరంగా నికోసియా చుక్క. పడమర మోర్ఫు అఖాతం దగ్గర మొదలుపెట్టి నికోసియా మీదుగా తూర్పున ఫమగుస్తాకు దక్షిణం దాకా చుక్కల గీత, అది కాల్పుల విరమణ రేఖ. పై భాగం గీతలతో నింపండి, ఉత్తర తీరంలో కైరీనియా రాయండి, టర్కీ సేన దిగింది దాని పక్కనే. నైరుతిలో పాఫోస్. దక్షిణ తీరంలో లిమసోల్ కింద అక్రోతిరి, లార్నాకాకు తూర్పున ధెకెలియా, ఈ రెంటికీ చిన్న పెట్టెలు. అవి 1960లో బ్రిటన్ తనకే ఉంచుకున్న 99 చదరపు మైళ్లు, సైప్రస్ రిపబ్లిక్‌లో భాగం కాదు. మొత్తం ద్వీపాన్ని రిపబ్లిక్ అని షేడ్ చేస్తే ఆ రెండు పెట్టెల దగ్గర మార్కు పోతుంది.